మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ ట్రయథ్లాన్: వరంగల్‌లో ఉండి ఎలా చేయాలి

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ. మోకాలికి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కట్టిపట్టే ఒక లిగమెంట్) ఆపరేషన్ అయిన ట్రయథ్లెట్‌కి గండం మూడో నెల దగ్గర పొంచి ఉంటుంది. అప్పటికి కుట్లు మానిపోయి ఉంటాయి, నడక మామూలైపోతుంది, మెట్లు ఎక్కితే నొప్పి రాదు. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే స్టాండ్) మీద సైకిల్ తొక్కి తొక్కి ఊపిరి కూడా బాగానే వచ్చేస్తుంది. పొద్దున్నే వడ్డేపల్లి బండ్ మీద నలుగురు పరుగెత్తుతుంటే కాళ్లు ఆగవు. తెగిన లిగమెంట్ స్థానంలో లోపల డాక్టరు పెట్టిన గ్రాఫ్ట్ సంగతి వేరు. పెట్టిన రోజున అది గట్టి టెండనే (కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటిది). తర్వాత దానిలోని పాత కణాలు చచ్చిపోయి, కొత్త రక్తనాళాలు అల్లుకుని, మెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. ఆ మారే క్రమంలో, సుమారు రెండు మూడు నెలల మధ్య, అది పెట్టిన రోజు కంటే బలహీనంగా ఉంటుంది. మీకు బాగున్నట్టు అనిపించే రోజులు, గ్రాఫ్ట్‌కి బాగోలేని రోజులు ఒకటే అన్నమాట.

అందుకే ఈ గైడ్‌లో నెలల లెక్క చెప్తాను గానీ, నెలను చూసి మెట్టు ఎక్కమని ఎక్కడా చెప్పను. నెల అంటే అంతకంటే ముందు వద్దని మాత్రమే. ఆ తర్వాత ఎప్పుడన్నది మీ మోకాలు పాసైన పరీక్షలు చెప్పాలి. వీటన్నిటికీ పైన మీ సర్జన్, మీ ఫిజియో చెప్పిన మాట ఉంటుంది. ఇక్కడ చదివిందానికీ వాళ్లు చెప్పిందానికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి. మీ మోకాలి లోపల చూసింది వాళ్లు.

ముందు ఏ ఆపరేషనో సరిగ్గా తెలుసుకోండి

"మోకాలి ఆపరేషన్ అయింది" అంటే సరిపోదు. డిశ్చార్జ్ కాగితంలో ఆపరేషన్ వివరాలు రాసిన పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. చిరిగిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) ముక్కను కత్తిరించి తీసేస్తే కోలుకోవడం త్వరగా అవుతుంది, చాలామంది నెలా నెలన్నరలో సైకిల్, ఈత మొదలుపెట్టేస్తారు. అదే మెనిస్కస్‌ని కుట్టి ఉంటే కథ మారిపోతుంది. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మోకాలిని 90 డిగ్రీలు దాటి వంచొద్దంటారు, బరువు పెట్టి గొంతుకూర్చోవడం నాలుగు నెలల దాకా వద్దంటారు. ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ కూడా కుట్టి ఉంటే, రెండింటిలో ఏది కఠినమైతే ఆ నియమమే మీది. కార్టిలేజ్‌కి (ఎముక చివర ఉండే నున్నటి పొర) మైక్రోఫ్రాక్చర్, అంటే అది మళ్లీ పెరగడానికి ఎముకకి సన్న రంధ్రాలు వేయడం, చేసి ఉంటే కొన్ని వారాలపాటు ఆ కాలు మీద బరువే పెట్టనివ్వరు. మోకాలి కీలునే మార్పించుకున్నవాళ్లు ఈత, సైకిల్ హాయిగా చేసుకోవచ్చు. దూరం పరుగు విషయంలో మాత్రం ఎక్కువ మంది సర్జన్లు తల అడ్డంగా ఊపుతారు.

ఏసీఎల్ అయితే గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారో కూడా అడగండి. హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే తొడ వెనక కండరానికి కొన్ని వారాలు విడిగా బరువు వ్యాయామం పెట్టకూడదు. మోకాలి చిప్ప కింది టెండన్ నుంచి తీస్తే మోకాళ్ల మీద కూర్చోవడం చాలాకాలం ఇబ్బందిగా ఉంటుంది.

ఇక్కడి నుంచి ఎక్కువగా ఏసీఎల్ లెక్కనే చెప్తాను, అందరికంటే నిదానంగా నడవాల్సింది వాళ్లే కాబట్టి. మిగతావాళ్లు తమ డాక్టరుని అడిగి వారాలు తగ్గించుకోండి. పరీక్షలు మాత్రం తగ్గించుకోకండి.

మొదటి మెట్టు: ఇంట్లో, మంచం మీద

మొదటి రెండు వారాల్లో మీ పని మూడే: వాపు తగ్గించడం, కాలు పూర్తిగా చాపగలగడం, తొడ ముందు కండరాన్ని నిద్ర లేపడం.

వీటిలో చాపడం గురించి గట్టిగా చెప్పాలి. అందరూ "ఎంత వంగుతోంది" అని అడుగుతారు, వంచడం మీదే ధ్యాస పెడతారు. వంగడం ఆలస్యమైనా వస్తుంది. మోకాలు చివరి ఐదు డిగ్రీలు చాపుకోలేకపోతే నడకలో కుంటు మిగిలిపోతుంది, పరుగులో అది రెట్టింపవుతుంది. మడమ కింద టవల్ చుట్టి పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా, పది నిమిషాలు అలా వదిలేయండి. రోజుకి నాలుగైదు సార్లు చేయండి. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ ఆ దిండు వల్లే కాలు వంకరగా బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి. వారాలు గడిచినా కాలు చాపుతుంటే ముందు భాగంలో ఏదో అడ్డం తగిలినట్టు ఉంటే డాక్టరుకి చెప్పండి. కొందరికి లోపల మచ్చ కణజాలం ముద్దలా ఏర్పడి అడ్డుపడుతుంది, అది వ్యాయామంతో పోయేది కాదు.

తొడ కండరం ఎందుకు నిద్రపోతుందో తెలిస్తే వాపుని తేలిగ్గా తీసుకోరు. కీలులో నీరు చేరగానే మెదడు ఆ కండరానికి వెళ్లే ఆదేశాన్ని తగ్గించేస్తుంది. మీరు ఎంత పట్టుదలగా బిగించినా అది పూర్తిగా పలకదు. వాపు ఉండగా బలం పెంచుదామనుకోవడం వృథా శ్రమ. కాలు చాపి, తొడ ముందు భాగం బిగించి, ఐదు సెకన్లు ఆపి వదలండి. పది చొప్పున, రోజులో గుర్తొచ్చినప్పుడల్లా. తర్వాత కాలు నిటారుగా ఉంచి పైకెత్తండి. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం కూడా వంగకపోతే తొడ మేలుకున్నట్టు లెక్క. నడకలో కుంటు పోయేదాకా కర్రలు వదలకండి. కర్రతో సరిగ్గా నడవడం కంటే కర్ర లేకుండా కుంటడం గొప్పేమీ కాదు.

మన ఇళ్లలో వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, ఇవి ఏ విదేశీ ప్లాన్‌లోనూ ఉండవు. కింద కూర్చునే టాయిలెట్ ఉంటే కమోడ్ కుర్చీ కొనండి, ఆపరేషన్‌కి ముందే కొనండి. నేల మీద బాసింపట్టు వేసి భోజనం చేయడం, పూజ దగ్గర కూర్చోవడం కొన్నాళ్లు మానేసి కుర్చీ వేసుకోండి. "మేం చూడు, ఈ వయసులో కూడా కిందే కూర్చుంటాం" అనే పెద్దవాళ్లు ఉంటారు, నవ్వి ఊరుకోండి. ఇంకొకటి, ప్రేమగా నూనె కాచి కాలు పిసుకుతామని వచ్చే అత్తమ్మలు, పెద్దమ్మలు. వాచిన మోకాలిని, ముఖ్యంగా పిక్కను ఎవరితోనూ పిసికించుకోకండి. ఆపరేషన్ తర్వాత పిక్క రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. పిక్క గట్టిపడి, వాచి, నొక్కితే నొప్పి పుడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం లేదా ఛాతీ నొప్పి కూడా తోడైతే అర్ధరాత్రైనా ఆగకూడదు. జ్వరం, గాయం దగ్గర ఎర్రబడి చీము కారడం కూడా ఇదే లెక్క.

తిండి దగ్గర పెద్ద శాస్త్రం అక్కర్లేదు. కదలడం లేదు కదా అని అన్నం, పప్పు తగ్గించేస్తే కండరం ఇంకా కరిగిపోతుంది. రోజుకి మీ బరువు కిలోకి సుమారు ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ పడేలా చూసుకోండి. గుడ్లు, చికెన్, చేపలు, పెరుగు, పప్పు, పల్లీలు, ఇవన్నీ మన దగ్గర దొరికేవే. సిగరెట్ అలవాటుంటే, గ్రాఫ్ట్ అతుక్కోవడానికి దాన్ని మించిన శత్రువు లేదు.

రోజూ చూడాల్సిన రెండు కొలతలు

కుట్టుపని డబ్బాలో ఉండే టేపు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. పొద్దున మంచం దిగకముందే, కాలు చాపి, మోకాలి చిప్ప సరిగ్గా మధ్య మీదుగా రెండు కాళ్ల చుట్టుకొలత తీసి రాసుకోండి. నిన్నటి కంటే ఒక సెంటీమీటరు పెరిగితే నిన్న చేసిన పని ఎక్కువైనట్టు. ఆ రోజు విశ్రాంతి, తర్వాత ఒక మెట్టు కిందికి.

రెండోది నొప్పి. సున్నా నుంచి పది దాకా లెక్క వేసుకుంటే, వ్యాయామం చేసేటప్పుడు రెండు దాకా పర్వాలేదు. అది 24 గంటల్లో మామూలు స్థితికి రావాలి. మర్నాడు పొద్దున కూడా మిగిలి ఉంటే ఎక్కువ చేశారని అర్థం. నొప్పి మాత్ర వేసుకుని ట్రైనింగ్‌కి వెళ్లడం మాత్రం నేను ఎవరికీ ఒప్పుకోను. ఈ రెండో కొలతనే అది అబద్ధం చేసేస్తుంది.

నీరు చేరిందా అన్న అనుమానం వస్తే ఇంకో పరీక్ష ఉంది. మోకాలి లోపలి వైపు నుంచి అరచేత్తో రెండుమూడు సార్లు పైకి తుడవండి, తర్వాత బయటి వైపు పై నుంచి కిందికి ఒకసారి తుడవండి. లోపలి వైపు చర్మం కింద చిన్న అలలా ఉబికితే నీరు ఉన్నట్టే. మొదటిసారి ఫిజియో దగ్గర చేయించుకుని నేర్చుకోండి, తర్వాత మీరే చేసుకోవచ్చు.

రెండో మెట్టు: కదలని సైకిల్

ట్రయథ్లెట్ అదృష్టం ఏమిటంటే, చేతిలో మూడు ఆటలున్నాయి, మూడూ ఒకేసారి మూతపడవు. ఫుట్‌బాల్ ఆడేవాడికి తొమ్మిది నెలలు కూర్చోవడమే. మీకు మాత్రం సైకిల్ ముందుగా తిరిగొస్తుంది.

పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 105 నుంచి 110 డిగ్రీలు వంగాలి. అంత రాకముందు పెడల్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండండి, అదే ఒక వ్యాయామం. చుట్టు తిరిగే రోజు వచ్చాక బరువు లేకుండా ఐదు నిమిషాలు, తర్వాత పది. సీటు మామూలు కంటే కొంచెం ఎత్తు పెట్టండి. సీటు కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. మోకాలు బాగా కుదుటపడ్డాక, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండేలా సీటు సర్దుకోండి. పక్క నుంచి ఎవరినైనా వీడియో తీయమంటే తెలిసిపోతుంది. ఎత్తు గేరు నొక్కి తొక్కే అలవాటు వదిలి, తేలిక గేరులో నిమిషానికి 85, 90 చుట్లు తిప్పడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

రోడ్డు మీదికి ఎప్పుడు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు, ట్రైనర్ మీద 45 నిమిషాలు తొక్కినా మర్నాడు టేపు మారకపోతేనే. ఏసీఎల్ వాళ్లకి ఇది సాధారణంగా మూడు నెలలు దాటాకే. రోడ్డు మీద భయం తొక్కడం గురించి కాదు, హఠాత్తుగా కాలు కింద పెట్టాల్సి రావడం గురించి. కుక్క అడ్డం వస్తుంది, బర్రె తిరుగుతుంది, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ తగులుతుంది, ఆపరేషన్ అయిన కాలు మెలితిరుగుతూ నేలను తాకుతుంది. అందుకే మొదటి నెల బూటు బిగించే పెడల్స్ వాడకండి. బూటు ఊడదీయడానికి మడమ పక్కకి తిప్పే ఆ చిన్న మెలికే మోకాలికి పడదు. మామూలు పెడల్ వేసుకుని, ఆగేటప్పుడు మంచి కాలే కింద పెట్టడం అలవాటు చేసుకోండి.

దారి ఎంచుకోవడంలో సీజన్ చూడండి. వరి కోతలప్పుడు పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చుతారు. మసక చీకట్లో ఆ రాళ్లు కనపడవు, చక్రం వడ్ల మీదికి ఎక్కితే ఇసుకలో జారినట్టు జారుతుంది. ఆ వారాల్లో ధర్మసాగర్ వైపో, హసన్‌పర్తి వైపో వెళ్లే లోపలి రోడ్లు వద్దు, ట్రైనరే మేలు. ములుగు రోడ్డు వెడల్పుగా ఉంటుంది గానీ ఇసుక లారీలు తిరుగుతాయి, తెల్లవారకముందు అటు వెళ్లకండి. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతెంతో పైకి తెలియదు. తిరిగొచ్చాక మొదటి వానాకాలం బయట తొక్కకపోయినా ఏమీ పోదు.

ఈత: చేతులకి పని, కాలికి సెలవు

గాయం పూర్తిగా మూసుకుని, పొక్కు ఊడిపోయాకే నీళ్లలోకి. ఇది డాక్టరు కళ్లతో చూసి చెప్పాలి. ముందు కొలనులో నడవండి. నడుము లోతు నీళ్లలో మీ బరువు సుమారు సగమే మోకాలి మీద పడుతుంది, ఛాతీ లోతులో మూడో వంతుకి తగ్గుతుంది. కుంటు లేకుండా నడవడం మళ్లీ నేర్చుకోవడానికి ఇది మంచి చోటు.

తర్వాత తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురుగు దిమ్మ) పెట్టుకుని చేతులతోనే ఫ్రీస్టైల్. దూరం ట్రయథ్లాన్‌లో ముందుకు తోసే పని ఎలాగూ ఎక్కువ చేతులదే, కాబట్టి ఈ నెలలు వృథా కావు. చేతి పట్టు, ఊపిరి తీసుకునే తీరు సరిచేసుకోండి. కొన్ని వారాలకి తుంటి నుంచి చిన్నగా కాళ్లు ఆడించడం మొదలుపెట్టొచ్చు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కప్పలా తన్నడం మాత్రం అన్నిటికంటే చివర, ఫిజియో సరేనన్నాకే. ఆ తన్నులో మోకాలు పక్కకి విచ్చుకుంటూ మెలిపడుతుంది. పాదాలకి తొడిగే ఫిన్స్ కూడా అప్పటిదాకా పక్కన పెట్టండి. గోడ దగ్గర తిరిగేటప్పుడు మంచి కాలితో తోయండి, దిగేటప్పుడు నిచ్చెన పట్టుకుని దిగండి.

మనలో చాలామంది ఈత నేర్చుకున్నది ఊళ్లో వ్యవసాయ బావిలో. పండక్కి ఊరికి వెళ్తే తమ్ముళ్లు గట్టు మీద నుంచి దూకుతుంటారు, మీరూ ఒక దూకు దూకుదామనిపిస్తుంది. నీళ్లలో పడేది పర్వాలేదు గానీ, పాకుడు పట్టిన రాతిమెట్లు ఎక్కి పైకి రావాలి. ఆ ఏడాది గట్టు మీద కూర్చుని చూడండి. ఇక చెరువుల సంగతి: పాకాలలో మొసళ్లున్నాయి, అక్కడ ఈత ప్రాక్టీస్ ఆలోచనే వద్దు, మోకాలు బాగున్నా సరే.

మూడో మెట్టు: జిమ్, ఎవరికీ నచ్చని భాగం

ట్రయథ్లెట్లు బరువులంటే మొహం తిప్పుకుంటారు. గంటలు గంటలు సైకిల్ తొక్కమంటే తొక్కుతారు, అరగంట లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషీన్) చేయమంటే టైమ్ లేదంటారు. మోకాలి ఆపరేషన్ తర్వాత మాత్రం తప్పించుకోవడానికి లేదు. సైకిల్ ఒక్కదాని వల్ల తొడ బలం తిరిగి రాదు. మంచి కాలు రెండు కాళ్ల పనీ చేసేస్తుంటుంది, మీకు తెలియకుండానే.

కాబట్టి ఏ వ్యాయామమైనా ఒంటికాలితో చేయండి. కుర్చీలోంచి ఒంటికాలితో లేవడం, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి లెగ్ ప్రెస్, ఒంటికాలితో మడమ ఎత్తడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము ఎత్తడం. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. అద్దం ముందు చేస్తూ మోకాలు లోపలికి పడిపోతుందేమో చూడండి. పడుతుంటే బరువు తగ్గించి, తుంటి పక్క కండరానికి పని చెప్పండి. కాలు చాపే మెషీన్ మీద ఏ కోణం దాకా వెళ్లొచ్చో ఫిజియోని అడిగే ఎక్కండి, గ్రాఫ్ట్‌ని లాగే కోణాలు ఉంటాయి.

బలం లెక్క ఇలా. మంచి కాలు 40 కిలోలు ఎనిమిది సార్లు నెట్టగలిగితే, ఆపరేషన్ కాలు అదే ఎనిమిది సార్లు 28 కిలోలు నెడితే, మీది 70 శాతం. ఈ అంకె రాసి పెట్టుకోండి, పరుగు దీని మీదే ఆధారపడి ఉంది.

నాలుగో మెట్టు: పరుగు

పరుగులో ప్రతి అడుగూ ఒంటికాలి మీద దూకడమే. శరీర బరువుకి రెండు మూడింతలు నేల నుంచి తిరిగి కాలికి తగులుతుంది, కిలోమీటరుకి వందల సార్లు. ఏసీఎల్ వాళ్లకి 12 వారాల కంటే ముందు దీని మాట ఎత్తకండి, చాలామందికి నాలుగో నెల దాటుతుంది. అప్పుడైనా కిందివన్నీ కుదిరితేనే:

- మోకాలిలో నీరు లేదు, టేపు కొలత కొన్ని వారాలుగా నిలకడగా ఉంది
- కాలు పూర్తిగా చాపగలుగుతున్నారు, వంగడం దాదాపు రెండో కాలితో సమానం
- తొడ బలం కనీసం 70 శాతం, 80 అయితే ఇంకా మంచిది
- అరగంట చురుగ్గా నడిస్తే కుంటు లేదు, మర్నాడు వాపు లేదు
- ఒంటికాలి మీద కొద్దిగా గొంతుకూర్చుని లేస్తే మోకాలు వణకదు, లోపలికి పడదు
- ఉన్నచోటే చిన్నగా గెంతితే చప్పుడు లేకుండా దిగుతున్నారు

ఒక్కటి కుదరకపోయినా ఇంకో రెండు వారాలు జిమ్‌లోనే ఉండండి.

మొదటి పరుగు ఎక్కడ? హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు దాని మీదే జరిగాయి. దాని మీద పరుగెత్తే అవకాశం దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. ఒకటే జాగ్రత్త, అందరూ తిరిగే దిక్కుకే ఎప్పుడూ తిరిగితే మలుపుల్లో రెండు కాళ్ల మీద భారం సమానంగా పడదు. ఖాళీగా ఉన్నప్పుడు బయటి లేన్‌లో దిక్కు మార్చండి, లేదా మలుపుల్లో నడిచి నేరుగా ఉన్న చోట పరుగెత్తండి. ట్రాక్ కుదరకపోతే భద్రకాళి బండ్, వడ్డేపల్లి బండ్. పొద్దున ఐదున్నరకి వెళ్తే జనం తక్కువ, ఎండ లేదు. తారు రోడ్డు అంచున పరుగెత్తడం ఆఖరి మాట. రోడ్డు పక్కకి వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. కోట రాళ్ల దారులు, పద్మాక్షి గుట్ట మెట్లు ఈ ఏడాదికి చూడ్డానికే. ముఖ్యంగా దిగడం. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి కష్టం.

మొదటి రోజు: పది నిమిషాలు నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరు సార్లు, చివర ఐదు నిమిషాలు నడక. మొత్తం పరుగు ఆరు నిమిషాలే. "ఇంతేనా" అనిపిస్తుంది, అనిపించాలి కూడా. 48 గంటలు ఆగండి. రెండు పొద్దుల టేపు బాగుంటే అదే ఇంకోసారి. రెండుసార్లు బాగుంటేనే తర్వాతి మెట్టు: రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. తర్వాత మూడు, ఒకటి. తర్వాత ఐదు, ఒకటి. ఆగకుండా 20 నిమిషాలు పరుగెత్తడానికి రెండు నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి. ముందు దూరం పెంచండి, తర్వాత రోజులు, అన్నిటికీ చివర వేగం. ఒకే వారంలో రెండింటిని పెంచొద్దు.

అడుగు గురించి ఒక మాట. నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను మామూలు కంటే ఐదు నుంచి పది శాతం పెంచి, అడుగు చిన్నది చేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది. 160 అడుగులు వేసేవాళ్లు 170కి రావాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయగా టిక్ టిక్ కొట్టే) యాప్ పెట్టుకుని మొదటి వారాల్లోనే అలవాటు చేసుకోండి. పాత అడుగు ఒకసారి తిరిగొచ్చేస్తే మార్చడం కష్టం.

ఎండాకాలంలో పరుగు మొదలయ్యేలా పడితే తొందరపడకండి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో ఎనిమిది గంటలకే ఒళ్లు మండిపోతుంది. అలసిన కండరం మోకాలిని సరిగ్గా పట్టుకోలేదు. ఆ రెండు నెలలు పరుగు పొట్టిగా, తెల్లవారుజామునే కానివ్వండి, మిగతా ఊపిరి పని ఫ్యాన్ కింద ట్రైనర్ మీద చేసుకోండి.

పండగల్లో మెలికలు కూడా లెక్కలో ఉంచుకోండి. బతుకమ్మ ఆడేవాళ్లు తొమ్మిది సాయంత్రాలు వంగి, చప్పట్లు కొడుతూ, గుండ్రంగా ఒకే దిక్కుకి తిరుగుతారు. అది తేలిగ్గా కనపడే గట్టి వ్యాయామం. ఆ రోజుల్లో పరుగు సెషన్ తీసేయండి, ఆట మానక్కర్లేదు. మేడారం జాతరకి వెళ్తే జనంలో ఎటు నెట్టుకుపోతామో మన చేతిలో ఉండదు, జంపన్నవాగులో కాలి కింద రాళ్లు, ఇసుక. ఆరు నెలల లోపైతే ఇంట్లోనే బంగారం (బెల్లం) తూకం మొక్కుకోండి.

మూడూ కలపడం

మూడు విడివిడిగా సాఫీగా సాగుతున్నాయంటే, ఒక నెల తర్వాత సైకిల్ వెంటనే పరుగు మొదలుపెట్టొచ్చు. సైకిల్ దిగిన కాళ్లు బిగుసుకుని ఉంటాయి, మంచి మోకాలుకే తడబాటు ఉంటుంది. 20 నిమిషాలు తేలిక సైకిల్, దిగి రెండు నిమిషాలు నడక, ఐదు నిమిషాలు పరుగు. వారానికి ఒక్కసారే. కదులుతున్న సైకిల్ మీద నుంచి దూకి దిగే విన్యాసం ఈ సీజన్‌కి మరిచిపోండి, ఆపి దిగినా పోయేది కొన్ని సెకన్లే.

ఈ దశలో ఒక వారం ఇలా ఉండొచ్చు: సోమవారం జిమ్, మంగళవారం ఈత, బుధవారం పరుగు, గురువారం జిమ్ తర్వాత తేలిక సైకిల్, శుక్రవారం ఏమీ లేదు, శనివారం సైకిల్ దిగి పరుగు, ఆదివారం ఈత. ఉద్యోగం, పిల్లల స్కూలు మధ్య ఒక రోజు పోతే ఏం తీసేయాలో ముందే అనుకోండి. నా ఓటు సైకిల్ తీసేయడానికి. జిమ్ మాత్రం తీయకండి.

రేసుకి పేరు ఇచ్చే ముందు

2016లో వచ్చిన ఒక అధ్యయనం క్రీడాకారులకి బాగా తెలిసిందే. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మెలికలు తిరిగే ఆటలకి వెళ్లడం తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ గాయపడే రేటు సగానికి సగం తగ్గిందని తేలింది. ట్రయథ్లాన్ ఫుట్‌బాల్ లాంటి మెలికల ఆట కాదు. అయినా గుంపులో ఈత, ట్రాన్సిషన్‌లో (ఒక ఆట నుంచి ఇంకో ఆటకి మారే చోట) తోపులాట, తడి కాళ్లతో పరుగు, ఇవన్నీ ఉన్నాయి. తొమ్మిది నెలలు మీరూ పెట్టుకోండి. అప్పుడు ఫిజియో దగ్గర తొడ బలం 90 శాతం దాటిందో లేదో, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలి దానిలో 90 శాతం వచ్చిందో లేదో చూపించుకోండి. కాలు మీద నమ్మకం కూడా ఒక పరీక్షే. మలుపు దగ్గర బుర్ర "జాగ్రత్త జాగ్రత్త" అంటూనే ఉంటే ఆ టెన్షన్‌ని ఫిజియోకి చెప్పండి, దానికీ ప్రశ్నాపత్రాలు, సాధనలు ఉన్నాయి.

మొదటి రేసు స్ప్రింట్ దూరమే పెట్టుకోండి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. అంతకంటే ముందే పోటీ వాతావరణం కావాలనిపిస్తే రిలే టీమ్‌లో ఈత లేదా సైకిల్ మీరు తీసుకుని, పరుగు ఇంకెవరికైనా ఇవ్వండి. ఆరో, ఏడో నెలలో అది మంచి మధ్యేమార్గం. వరంగల్ నుంచి వేరే ఊరికి రేసుకి వెళ్లేవాళ్లు బస్సులోనో కారులోనో మోకాలు మడిచి గంటలు కూర్చోకండి. రైలైతే లేచి నడవొచ్చు, కాజీపేట జంక్షన్ మనకి ఉండనే ఉంది. రేసుకి ముందు రోజు మధ్యాహ్నానికే చేరిపోండి.

రేసు మర్నాడు పొద్దున టేపు తీయండి. సెంటీమీటరు పెరిగితే వారం రోజులు ఈత మాత్రమే, పెరగకపోతే మూడో రోజు తేలిక సైకిల్. టేపు ఎలా ఉన్నా పరుగు మాత్రం ఏడు రోజుల తర్వాతే. జిమ్ రోజులు రెండేళ్ల దాకా క్యాలెండర్‌లో ఉంచండి, గ్రాఫ్ట్ పూర్తిగా లిగమెంట్‌గా మారడానికి దగ్గర దగ్గర అంత సమయం పడుతుంది.